కిటికీ ఉన్న ఐసీ

ఎనభైల చివర్లో ఆర్మూర్ పాత బస్టాండు దగ్గర నాకు రేడియో, టీవీ రిపేరు దుకాణం ఉండేది. బతుకుదెరువు రిపేర్లతోనే, ప్రాణం మాత్రం బోర్డుల మీద ఉండే నల్ల చిప్పులు, ఐసీల మీద. దుబాయి, మస్కట్ నుంచి మా వైపువాళ్లు తెచ్చుకున్న టూ-ఇన్-వన్‌లు, వీసీఆర్‌లు, టీవీకి తగిలించి ఆడే ఆటల డబ్బాలు కొన్నేళ్లకు పాడై పాత సామాను కొట్టుకు చేరేవి. నేను వాటి బోర్డులు ఏరి తెచ్చి, ఐసీలను కాలు విరగకుండా ఊడదీసి, థర్మాకోల్ ముక్కలకు గుచ్చేవాణ్ణి. ఏమిటో తెలిసినవి ఒక ముక్కకు, తెలియనివి ఇంకో ముక్కకు.

తెలియనివంటేనే నాకు మోజు. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, నోటి ఆవిరి ఊది, ఏటవాలు వెలుతురులో భూతద్దం పెట్టి చూస్తే చెరిగిపోయిన అంకె ఒక్కోసారి పైకి తేలేది. కాళ్లు లెక్కపెట్టి, కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న అట్ట ఊడిన డేటా పుస్తకంలో వెతికేవాణ్ణి. దొరికితే ఆ పూటకు నన్ను పట్టేవాళ్లు లేరు. మా ఇంటావిడకు మాత్రం అవి నల్ల జెర్రులే. "గా జెర్రులను ఇంట్లకు తేకుండ్రి, పిల్లలు తొక్కుతరు" అనేది.

ఆమె అన్న, నాకు బావ, వేల్పూర్‌లో పసుపు వేసేవాడు. రెండేళ్లు వరుసగా పంట దెబ్బతిని దుబాయి వెళ్లాడు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అందరికీ చీరలు, సెంట్లు తెచ్చి, నాకొక బోర్డు ఇచ్చాడు. పనివాళ్లు ఉండే క్యాంపు భోజనాల హాల్లో ఎర్ర దీపాల అక్షరాలు పరుగెత్తే డిస్‌ప్లే ఉండేదట. అది పాడైతే పారేశారు. లోపలి బోర్డును బావ దాచిపెట్టి తెచ్చాడు.

"హైదరాబాద్ ఇంజనీర్ సారు ఒకాయన దాంట్ల తెలుగు అక్షరాలు ఎక్కిచ్చిండు బావా. అరబ్బీ, హిందీ అయినంక మనది వచ్చేది. 'అన్నలూ, అన్నం అయింది, రాండ్రి' అని. దుబాయిల మనల్ని అన్నలూ అని పిలిచింది గదొక్కటే. మల్ల కనిపిస్తదా?"

"చూస్త బావా" అన్నాను.

బావ తిరిగి వెళ్లాక బోర్డు ముందేసుకున్నాను. అందులో ఒక ఐసీ వేరుగా ఉంది. బూడిదరంగు పింగాణీ ఒళ్లు, ఇరవై నాలుగు కాళ్లు, నడుమ ఒక స్టిక్కర్. స్టిక్కర్ పీకితే కింద గుండ్రటి చిన్న అద్దం! కిటికీలా ఉంది. లోపల గోరులో సగం లేని మెరిసే చదరం, దానికి వెంట్రుకల్లాంటి బంగారు తీగలు. అంతవరకు అలాంటిది చూడలేదు. పైన అంకెలు అరిగిపోయి 'రెండు, ఏడు' మాత్రం మిగిలాయి. నా పుస్తకంలో ఆ పేజీలే లేవు.

దాన్ని థర్మాకోల్‌కు గుచ్చి దుకాణం ముందు బల్ల మీద పెట్టాను. ఎండ పడితే ఆ చదరం నెమలి రంగుల్లో మెరిసేది. మక్కలు, పసుపు అమ్మడానికొచ్చిన రైతులు కూడా ఆగి వంగి చూసేవారు. ఎండాకాలమంతా అది అక్కడే ఉంది.

వానలు పడ్డాక సామానుకోసం హైదరాబాద్ వెళ్తూ దాన్ని జేబులో వేసుకున్నాను. కోఠీలో నేను ఎప్పుడూ కొనే దుకాణం పెద్దాయన చూడగానే గుర్తుపట్టాడు.

"మెమరీ భాయ్ ఇది. రాసింది దీంట్లనే ఉంటది. కిటికీ మీద స్టిక్కర్ ఏది?"

"పీకేసిన."

"ఎండకు పెట్టినవా ఏంది?"

ఎండాకాలమంతా దుకాణం ముందే ఉందని చెప్పాను. ఆయన తన దగ్గరున్న చదివే మిషన్‌లో దాన్ని బిగించాడు. తెర మీద వరుస తర్వాత వరుస, మొదటినుంచి చివరిదాకా 'ఎఫ్' అక్షరాలే.

"ఖాళీ" అన్నాడు. "స్టిక్కర్ పెట్టేది ఎండ తగిలి రాసింది చెరిగిపోవద్దనే."

నాలుగు నెలలుగా ఎదురుచూసిన పేరు దొరికింది, బావ అడిగిన అక్షరాలు పోయాయి. తిరుగు బస్సులో కామారెడ్డి దాటేదాకా తల ఎత్తలేదు. ఇంట్లో చెబితే మా ఇంటావిడ "సామాను బరువైతదని మా అన్న తన దుప్పటి తీసేసి గా బోర్డు పెట్టుకొని వచ్చిండు" అంది. తిట్టినా బాగుండేది.

ఉత్తరంలో రాయడానికి మనసొప్పలేదు. మరుసటి ఏడు బావ సెలవు మీద వచ్చిన రోజునే, చాయ్ చేతికివ్వకముందే చెప్పేశాను.

"ఎండకా? అన్నీ పోయినయా?"

"అన్నీ పోయినయ్ బావా. నాదే తప్పు."

బావ ఐసీని చేతిలోకి తీసుకుని కిటికీలోకి తొంగి చూశాడు. తర్వాత నవ్వాడు. "పోనీ తీ. గా డబ్బా ఉన్నన్ని దినాలు ఒక్కనాడన్న అన్నం యాళ్లకు కాలే. అదేమో రాండ్రి రాండ్రి అంటుండె, మేం పోతె గంజులు పొయ్యి మీదనే ఉంటుండె."

అందరం నవ్వాం. కానీ కాసేపటికి అతనే "చివర 'రాండ్రి' అని ఉండెనా, 'రండి' అని ఉండెనా?" అని తనలో తాను అనుకోవడం విన్నాను. ఇక ఎవరూ చెప్పలేరు.

ఆ తర్వాత సెలవు మీద ఎవరు వచ్చినా బావ నాకొక సిగరెట్ పెట్టె పంపేవాడు. అందులో పారేసిన మిషన్ల ఐసీలు ఉండేవి. నంబర్లు తెలిస్తే కార్డు మీద రాసి పంపేవాణ్ణి, తెలియకపోతే తెలియలేదని రాసేవాణ్ణి. తొంభైల చివర్లో బావ పూర్తిగా వచ్చేసి మళ్లీ పసుపు వేశాడు. మార్కెట్‌కు సరుకు తెచ్చిన రోజున దుకాణానికి వచ్చి, నా పక్కన స్టూలు లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, భూతద్దం అందుకునేవాడు. నాకు అందని అంకెలు అతనికి తొందరగా కనిపించేవి.

"మూడు కాదు బావా, ఎనిమిది. జర మంచిగ చూడు" అనేవాడు. చాలాసార్లు ఎనిమిదే అయ్యేది.