వెంటిలేటర్ మీద విన్న రాణి కథ

ఆ మధ్యాహ్నం వరండాలో కూర్చుని నవల చదువుతున్నాను. పూర్వం వేంగిని ఏలిన ఒక రాణి కథ. భర్త యుద్ధంలో పోతే, పసికొడుకుతో ఒంటరిగా కోటను కాపాడుకుంటూ ఉంటుంది. చుట్టూ శత్రుసైన్యం. ఆత్రంగా పేజీ తిప్పబోతే వేళ్లకు కాగితం చిక్కలేదు. లేవబోతే కాళ్లు లేవలేదు.

రెండు రోజులుగా అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నీరసం అనుకున్నాను. అప్పుడు నాకు ముప్పై ఒకటి. తొంభైల చివరి మాట. మాది రావులపాలెం.

మావారు కారులో రాజమండ్రి తీసుకెళ్లారు. వెన్నులోంచి నీరు తీసి టెస్ట్ చేశారు.

"జీబీ సిండ్రోమ్ అంటారమ్మా. మీ ఇమ్యూనిటీయే నరాలను దెబ్బ తీస్తోంది. చాలామంది కోలుకుంటారు. టైమ్ పడుతుంది" అన్నారు డాక్టరుగారు.

మర్నాటికి మింగలేకపోయాను. మూడో రోజు ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టారు. కనురెప్పలు తప్ప ఏదీ కదలదు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. అన్నీ వినపడేవి.

మా అత్తగారు ఐదో తరగతి వరకే చదివారు. విజిటింగ్ అవర్లో ఆ నవల పట్టుకొచ్చారు.

"నువ్వాపిన కాడ నుంచి చదవనా అమ్మాయ్? ఊఁ అయితే ఒకసారి రెప్ప వెయ్యి, వద్దంటే రెండుసార్లు."

రెండుసార్లు వేశాను. ఊపిరికి పెట్టిన ఆ గొట్టం పీకేస్తే చాలనిపించేది. మర్నాడూ అడిగారు. మూడో రోజు ఒక్కసారే వేశాను.

కూడబలుక్కుంటూ చదివేవారు. "సామంతులు" అన్నచోట మూడుసార్లు ఆగారు. అయినా ఆ అరగంట నేను కోటగోడ మీద ఉండేదాన్ని. ఆవిడ వెళ్లాక కూడా, శత్రువులకు కోటద్వారం తీయడానికి పొంచి ఉన్న ద్రోహిని రాణి ఏం చేస్తుందా అని ఆలోచించేదాన్ని. నా ఒంటితో సంబంధం లేని ఆలోచన అదొక్కటే.

తర్వాత న్యుమోనియా వచ్చింది. గొంతుకు రంధ్రం చేసి ట్రకియాస్టమీ పెట్టారు. "నలభై ఎనిమిది గంటలు గడవాలండి" అని డాక్టరుగారు మావారితో అనడం విన్నాను. గడవకపోతే బాగుండుననుకున్నాను.

ఆ పూటా అత్తగారు పుస్తకం తెరిచారు. కోటలో రాకుమారుడికి జ్వరం. ఒక పేజీ చదివి ఆగిపోయారు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని మళ్లీ మొదలెట్టారు.

"అప్పుడు రాణి, 'కంగారేం లేదండి వైద్యుడుగారూ, మావాడికి తగ్గిపోద్ది. కాస్త మజ్జిగన్నం పెట్టండి' అంది."

అప్పటిదాకా గ్రాంథికంలో మాట్లాడిన రాణి! ఆవిడ చదవడం లేదని, సొంతంగా కల్పిస్తున్నారని అర్థమైంది. ఆ పేజీలో ఏదో ఘోరం ఉందనీ అర్థమైంది. నా కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఏడుస్తున్నారండీ" అంది నర్సు.

"ఆపెయ్యనా అమ్మాయ్?"

బలమంతా కూడదీసుకుని రెండుసార్లు రెప్ప వేశాను.

నాలుగో రోజుకు జ్వరం దిగింది. మూడు వారాలకు కుడి బొటనవేలు కదిలింది. వెంటిలేటర్ తీయడానికి రెండు నెలలు, ఫిజియోథెరపీకి ఏడాది పట్టాయి. చేతులు స్వాధీనంలోకి వచ్చాక ముందుగా ఆ పేజీ తీశాను. రాకుమారుడు చనిపోతాడు. కొడుకును ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్న రాణి, పొద్దున్నే కత్తి పట్టి మళ్లీ కోటగోడ ఎక్కుతుంది.

"ఎందుకు మార్చారండీ?" అని అడిగాను.

"ఆ పిల్లాడు పోయాడని నీకెలా చదవను? నాకే నోరు రాలేదు" అన్నారు.

ఇప్పుడు నడుస్తున్నాను. ఎడమ పాదం కొంచెం ఈడుస్తాను. లైబ్రరీకి మాత్రం నా కాళ్ల మీదే వెళ్తాను.

ఒక్కటే చెబుతాను. అరికాళ్లలో మొదలైన తిమ్మిరి పైకి పాకుతుంటే, నాలాగా నీరసమనుకుని కూర్చోకండి. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి.