తెల్ల పేజీ మీద మాణిక్యమ్మ గారి పేరు

దాదాపు ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పోలీసులు పట్టుకునేది కాదు, పేపర్లో పడేది కాదు. అయినా బరువే. ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఆవిడ పేరు కూడా మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

మాది చీరాల. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గుంటూరులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, బస్టాండుకు దగ్గర్లో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో తప్ప పెద్దగా జనం ఉండేవాళ్లు కాదు. ఖాళీగా కూర్చోలేక వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను. ఈ మాట అనడానికి నాకు మొహమాటం లేదు. సెర్చ్‌లో ఎక్కడో అడుగున పడి ఉన్న సైటును పైకి తీసుకురావడం ఎలాగో ఆ రోజుల్లో మా చుట్టుపక్కల నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నేను చేసిన మొట్టమొదటి సైటు మాణిక్యమ్మ గారిది. ఆవిడకు జాండ్రపేటలో రెండు మగ్గాలు. ఒకదాని మీద ఆవిడ, ఇంకోదాని మీద తమ్ముడు. భర్త పోయాక షావుకార్లకు కూలికి నేయడం మానేసి, నూలు తనే తెచ్చుకుని, రంగు తనే వేసుకుని, చీర తనే అమ్ముకునేవారు. ఆవిడ వేసే ఎరుపు ఒకటుండేది. బాగా ఎండిన మిరపకాయ తొడిమ దగ్గర నల్లబడుతూ కనిపిస్తుందే, ఆ ఎరుపు. ఒకసారి కట్టినవాళ్లు మళ్లీ ‘మాణిక్యమ్మ చీర’ అని పేరు పెట్టి అడిగేవాళ్లు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి మెయిళ్లు వచ్చేవి. ఆవిడకు కంప్యూటర్ రాదు. నేనే ప్రింటు తీసి చదివి వినిపించేదాన్ని. వాటిని ఆవిడ ‘కాగితాలు’ అనేవారు. శుక్రవారం శుక్రవారం వచ్చి, మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లేవారు.

రెండేళ్లకు ఒక పెద్ద చీరల కొట్టు షావుకారు నా దగ్గరకు వచ్చాడు. చీరాల చీరలని ఎవరు వెతికినా తన కొట్టే ముందు కనపడాలన్నాడు. ఆయన అడిగింది అంతే. మాణిక్యమ్మ గారి ఊసే ఎత్తలేదు. ఆ ఆలోచన నాది.

మొదట న్యాయంగా చేయాల్సినవన్నీ చేశాను. పేజీలకు సరైన పేర్లు పెట్టాను, ప్రతి చీర గురించీ వివరంగా రాశాను. సైటు కొంత పైకి వచ్చి ఆగిపోయింది. నాకు పట్టుదల వచ్చింది. మంచి చీరాల చీర కావాలనుకునేవాళ్లు ఏ మాటలతో వెతుకుతున్నారో నాకు తెలుసు, ఎందుకంటే ఆవిడ సైటుకు వచ్చేవాళ్ల వివరాలు నా చేతిలోనే ఉన్నాయి. వాళ్లు వెతికేది ఆవిడ పేరు. అంతే. షావుకారు సైటులో, తెల్లటి పేజీ అడుగున, తెల్లటి అక్షరాలతో ఆవిడ పేరు రాశాను. మళ్లీ మళ్లీ, పేజీ తర్వాత పేజీ. మనిషి కంటికి అక్కడ ఖాళీ జాగా. సెర్చ్ ఇంజనుకు మాత్రం అక్షరాలు. అవి చాలవని, ఎక్కువ లింకులున్న సైటే పైకి వస్తుంది కాబట్టి, ఊరూ పేరూ లేని చిన్న సైట్లు కొన్ని నేనే పుట్టించి, వాటన్నిటి నుంచీ షావుకారు సైటుకు లింకులు పెట్టాను. నెల తిరక్కముందే మాణిక్యమ్మ గారి పేరు కొడితే మొదట ఆయన కొట్టు వచ్చింది. ఆవిడ సైటు రెండో పేజీలోకి జారింది. రెండో పేజీ దాకా ఎవరు వెళతారు?

ఆ రోజు ఎంత సంతోషించానో! డబ్బు కోసం చేశానని చెప్పుకుంటే నాకే తేలిక. కాదు. చేయగలను కాబట్టి చేశాను.

షావుకారు మెయిళ్లు కూడా నేనే చూసేదాన్ని. ఒకరోజు బెంగళూరు నుంచి ఒక టీచరమ్మ రాసిన మెయిలు అందులోకి వచ్చింది. మొదటి మాటే ‘మాణిక్యమ్మ గారికి నమస్కారం’. వాళ్లమ్మగారికి ఆ ఎరుపు చీరే కావాలట. అది ఎవరి ఉత్తరమో నాకు తెలియదా? తెలిసే షావుకారుకు పంపాను. ఆయన తన కొట్లోంచి ఏదో ఎర్ర చీర పంపాడు. ఆ తర్వాత అలాంటివి వస్తూనే ఉన్నాయి, నేను పంపుతూనే ఉన్నాను.

ఆవిడ కాగితాలు తగ్గాయి. తర్వాత ఆగాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ వచ్చి, చెప్పులు బయట విడిచి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు.

“ఏమ్మా, ఈ వారం కూడా ఏం రాలేదా?”

“రాలేదండి పిన్నిగారూ.”

“మన సైటుకేమన్నా అయిందంటావా?”

“ఏం కాలేదండి. బాగానే ఉంది.”

ఆవిడ చేతులు చూసుకున్నారు. గోళ్ల అంచుల్లో ఎరుపు.

“అయితే నా రంగే దిగుతోందేమోనే. ఉతికినాక పాడైపోయుంటది. మొహాన చెప్పలేక మానేసుంటారు. అంతేనంటావా?”

ఇక్కడే. ఈ ప్రశ్న దగ్గరే. కాదండి అంటే చాలు. రంగు దిగిందని ఏనాడూ ఒక్కరు కూడా రాయలేదు. అది నాకు తెలిసినంత బాగా ఆవిడకు కూడా తెలియదు, ఎందుకంటే ప్రతి కాగితం చదివింది నేను. సైటులో చేసిన పనిని తెలివి అనుకున్నాను, వ్యాపారం అనుకున్నాను, ఏదో ఒకటి అనుకుని సర్దుకున్నాను. దీన్ని ఏమనుకోను?

“అయ్యుండొచ్చండి” అన్నాను.

ఆవిడ తలూపి లేచారు. “చెప్పి మంచి పని చేశావమ్మా” అన్నారు.

ఆ ఎరుపు మళ్లీ వేయలేదు. బజారు నుంచి రంగు వేసిన నూలు తెచ్చి నేశారు. పాత మనుషులు ఒకరిద్దరు కొని, ఇది మీ చీరలా లేదన్నారు. ఏడాది తిరిగేసరికి తమ్ముడు చీమకుర్తిలో రాళ్లు కోసే యూనిట్లో పనికి వెళ్లాడు. ఆవిడ మళ్లీ కూలికి నేయడం మొదలుపెట్టారు. ఆ షావుకారుకే.

కొన్నాళ్లకు సెర్చ్ ఇంజన్లు ఇలాంటి పనులు పట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒక పూటలో ఆ తెల్ల అక్షరాలన్నీ తుడిచేశాను. ఏ గుర్తూ మిగల్లేదు. నా పని పెరిగింది, పేరొచ్చింది. ఇప్పటికీ ఇదే పని చేస్తున్నాను, దొంగ దారి లేకుండా. అప్పుడు కూడా అలా చేయగలిగేదాన్నే. కాస్త ఆలస్యమయ్యేది, అంతే.

మొన్న ఒక పెళ్లిలో ఆవిడ కనిపించారు. కళ్లద్దాలు మందమయ్యాయి. నా చెయ్యి పట్టుకుని పక్కనున్న ఆడవాళ్లందరికీ చూపించారు. “నా పేరు కంప్యూటర్లో ఎక్కించింది ఈ పిల్లే. నా తప్పు నాకు చెప్పింది కూడా ఈ పిల్లే” అన్నారు. నేను నవ్వాను. ఏం చెయ్యను? నవ్వాను. భోజనానికి కూర్చోకుండా ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆవిడ క్షమిస్తారా అన్నది నేను తేల్చేది కాదు. వెళ్లి చెబుతాను; విన్నాక నన్ను తిట్టొచ్చు, మాట్లాడ్డం మానేయొచ్చు, ఆ ఎరుపు తలుచుకుని ఏడవనూ వచ్చు. అన్నీ ఆవిడ ఇష్టం. మిమ్మల్ని కూడా ఏమీ అడగను. ఈ మాటల్ని ఒక వరసలో పెట్టడం ఇదే మొదటిసారి. పెట్టాక చూస్తే, ఇన్నాళ్లూ నోట్లోంచి రాదనుకున్నది ఇంత చిన్న వాక్యమే: మీ రంగు మంచిదే పిన్నిగారూ, చెడగొట్టింది నేను. బయటికే అన్నాను, ఖాళీ గదిలో.