నా ప్రొఫైలు, నాయిన ఫోను నంబరు

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. తెలంగాణ ఇంకా రాలేదు. రోజూ ఆ దుమ్ములో బస్సెక్కి కోర్టుకు చేరేసరికి నా నల్లకోటు బూడిదరంగుకు తిరిగేది. అక్కడ నా పని సీనియర్ గారి వెనుక నిలబడటం, ఆయన రాని రోజున లేచి వాయిదా అడగటం. చదివిన చదువంతా ఆ ఒక్క వాక్యానికే పనికొస్తోందని కడుపు మండేది. ఏదైనా కంపెనీలో లా ఆఫీసర్‌గా చేరితే నాకంటూ ఒక కుర్చీ ఉంటుంది, ‘మీరేమంటారు’ అని నన్నొకరు అడుగుతారు అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు కుర్చీ కన్నా ఆ ప్రశ్నే ముఖ్యం.

అందుకని ఉద్యోగాల సైటులో ప్రొఫైలు పెట్టాను. నెలలు గడిచినా ఒక్క ఫోనూ రాలేదు. అంబర్‌పేటలో ఉండే మా మేనత్త కొడుకుది కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే పని. ఓ ఆదివారం మా ఇంటికి వస్తే, కాళ్లు కడుక్కోనివ్వకుండానే ఇంటర్నెట్ సెంటరుకు లాక్కెళ్లాను. బావ రెండు లైన్లు చదివి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏంది పిల్లా గిది? నౌకరి అడుగుతున్నవా, బెయిల్ అడుగుతున్నవా?"

రోజూ అఫిడవిట్లు రాసే చెయ్యి కదా, ప్రొఫైలునూ అలాగే రాసిపెట్టింది. ఇంగ్లీషులోనే అయినా మొదట తండ్రి పేరు, తర్వాత వయసు, వృత్తి, నివాసం, ఆపైన వినయంగా మనవి చేసుకోవడం, చివర తగిన ఉద్యోగం ఇప్పించమని ప్రార్థన. సంతకమొక్కటే తక్కువ. దానికి తోడు నల్లకోటు, మెడకు వకీళ్ల తెల్లపట్టీ వేసుకుని స్టూడియోలో బిగుసుకుపోయి తీయించుకున్న ఫొటో.

"గీ ఫొటో సూస్తే సమన్లు అందినట్టుంది. జర నవ్వితే ఏం పోయింది నీది?" అన్నాడు బావ. తర్వాత కీబోర్డు తన వైపు లాక్కుని అడిగాడు. "సరే, నువ్వేం పని జేస్తవో చెప్పు."

"వాయిదాలు అడుగుత."

"మరి ఆదివారం మీ అరుగు మీద జేసేదేంది?"

నాయిన నాచారంలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో లేతు మిషను మీద పనిచేసేవాడు. ఆదివారమొస్తే ఆయనతో పనిచేసేవాళ్లు, పక్క కంపెనీలవాళ్లు తమకు యాజమాన్యాలిచ్చిన నోటీసులు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. నేను చదివి చెప్పి, జవాబులు రాసిపెట్టేదాన్ని. అమ్మ అందరికీ చాయ్ పోసేది. తప్పు కంపెనీదైతే ఘాటుగా రాసేదాన్ని, మనిషిదైతే ఆ మాట మొహం మీదే చెప్పేదాన్ని. ఒకసారి నాయినకే చెప్పవలసి వచ్చింది. సూపర్‌వైజర్‌ను తిట్టి, తిట్టలేదని రాయమన్నాడు. రాయనన్నాను. క్షమాపణ రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టాడు గానీ, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

"గది ఇంటి పని కద బావా" అన్నాను.

"దాన్నే కంపెనీలల్ల లా ఆఫీసర్ పని అంటరు, వకీలమ్మా."

బావ ఆ ప్రార్థనంతా తీసేసి కార్మిక చట్టాలు, క్రమశిక్షణ నోటీసులు, కాంట్రాక్టు కార్మికుల ఒప్పందాలు అని పైకెక్కించాడు. ఫొటో కూడా మార్పించాడు. ఫోను నంబరు మాత్రం నాయినదే ఉంచాను. కోర్టు హాల్లో నా ఫోను ఎప్పుడూ ఆపేసే ఉంటుంది. పైగా ఇంట్లో ఏ పనికైనా పెద్దవాళ్ల నంబరే ఇవ్వడం మాకు అలవాటు. నాయిన నా పెళ్లి సంబంధాల కోసం మధ్యవర్తికి ఇచ్చిందీ అదే నంబరని నాకు తట్టలేదు.

తర్వాత కొన్నాళ్లకు ఒక సాయంత్రం నాయిన సంబరంగా ఇంటికొచ్చాడు.

"సంబంధమోల్లు ఫోన్ జేసిన్రు బిడ్డా! ఒకామె మాట్లాడింది, పిల్లగాని అక్క గావచ్చు. నీతోని మాట్లాడాల్నంటే నేనే అంత చెప్పిన. మా బిడ్డ మస్తు నిమ్మళం, ఎవలకూ ఎదురు చెప్పది, పెండ్లయినంక పని మానుమంటే మానేస్తది అన్న. మల్ల మాట్లాడుతనని పెట్టేసింది."

నాకు అనుమానమొచ్చి ఆ నంబరును బావకు చెప్పాను. అది ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీదని బావ తేల్చాడు.

నేను ఊరుకునే రకం కాదు. ఇంటి పైకప్పు ఎగిరేలా అరిచాను. ఉద్యోగం చేజారినందుకు కాదు, ఆ ‘మానేస్తది’ అన్న మాటకు. "నేనెప్పుడు చెప్పిన నాయినా, మానేస్త అని? నన్ను అడిగినవా?" అన్నాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. నాయిన తల వంచుకుని చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. కోపమూ తగ్గలేదు.

మర్నాడు మధ్యాహ్నం కోర్టు విరామంలో నా ఫోనుకే ఒక కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. కన్సల్టెన్సీ ఆవిడ. నవ్వాపుకుంటోంది. "మీ నాన్నగారు ఇప్పుడే ఫోన్ చేసి మీ నంబరిచ్చారు. ఆయన ఏమన్నారో చెప్పమంటారా?" అని, నాయిన మాటల్ని నాయిన యాసలోనే అప్పజెప్పింది.

"మేడమ్, నిన్న నేను చెప్పింది తప్పు. నా బిడ్డ ఎదురు చెప్తది. నాకే చెప్పింది. నేను తిట్టి తిట్టలేదని రాయమంటే రాయనన్నది. నాతోని మాఫీ కాయిదం మీద సంతకం పెట్టించింది. గా కాయిదంతోనే నా నౌకరి నిలవడ్డది. గిసొంటి పిల్ల కావాల్నంటే పిలువున్రి, వద్దంటే మీ ఇష్టం."

ఆ కాగితం వల్లే ఉద్యోగం నిలిచిందని నాయిన నాకు ఎప్పుడూ చెప్పలేదు. తన తప్పును ముక్కూమొహం తెలియని మనిషి ముందు పెట్టాడు, నా కోసం. కోర్టు వరండాలో స్తంభం చాటుకు వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

నాచారంలోని ఒక మందుల కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. బాగా జరిగింది, ఉద్యోగమూ వచ్చింది. చేరేరోజున నాయిన తన స్కూటరు మీదే గేటు దాకా దింపాడు. సెక్యూరిటీ అతనికి "మా బిడ్డ, లా ఆఫీసర్" అని నేను దిగకముందే చెప్పేశాడు.

కొత్త జీతం మొదటిసారి ఇంటికి వచ్చిన వారమే ఈసారి నిజంగానే సంబంధం వాళ్లు ఫోన్ చేశారు. నేను వంటింట్లో అమ్మ పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. ముందు గదిలో నాయిన గొంతు వినపడుతోంది.

"నౌకరి మాటనా? మానది. ఎదురా? చెప్తదండి, ముందుగాల్నే చెప్తున్న. పిల్లగాడు వచ్చి మాట్లాడుతడా? జర ఆగున్రి, నేనొక్కన్ని చెప్తే గాదు."

ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి, వంటింటి గడప దాకా వచ్చి నిలబడ్డాడు.

"వస్తమంటున్నరు బిడ్డా. నువ్వేమంటవ్?"