పడుకోబెట్టే కోచ్

ముంచింగిపుట్టు సంతలో పసుపు, అల్లం కొనే వరహాలరావును ఎరగనివాళ్లు లేరు. ఇరవై ఏళ్ల కిందట మైదాన ప్రాంతం నుంచి వచ్చి దుకాణం పెట్టాడు. మూట ఎత్తి చూసి ఎన్ని కిలోలో చెప్పేస్తాడు, కాటా కూడా అదే చెబుతుంది. సరుకు తర్వాత ఆయనకున్న పిచ్చి ఫుట్‌బాల్ ఒక్కటే. విదేశీ క్లబ్బుల ఆటలన్నీ ఫోన్లో చూసి, ఏ మేనేజరు ఎలా ఆడిస్తాడో గడగడా చెబుతాడు. ఊరి జట్టుకు జెర్సీలు కొనిచ్చాడు కాబట్టి అధ్యక్షుడు కూడా ఆయనే.

జట్టు కోచ్ బుధు. ఒకప్పుడు అదే జట్టుకు గోల్‌కీపరు, నోట్లోంచి మాట ఊడిపడడం కష్టం. జనం దొరికేది సంత రోజే కాబట్టి మ్యాచ్‌లన్నీ ఆ సాయంత్రమే పెడతారు. ఆటకు ముందు బుధు కుర్రాళ్లతో వార్మప్ చేయించేవాడు కాదు, బడి వెనక పనసచెట్ల నీడలో గంటసేపు పడుకోబెట్టేవాడు. అది చూస్తే వరహాలరావుకు ఒళ్లు మండేది.

"పడుకోబెట్టడానికి కోచ్ ఎందుకు, ఉయ్యాల సాల్దా?" అన్నాడు ఒకరోజు శివప్రసాద్ టీకొట్టులో. అందరూ నవ్వారు.

శివప్రసాద్ మాత్రం నవ్వలేదు. "అరిసే మేనేజర్లుంటారు, ఊరుకునే మేనేజర్లుంటారు బావా. మనోళ్లకి ఊరుకునేవోడే సరిపోతాడు."

"పెదబయలు జట్టు మీద ఫైనలు. బంతి పోయిన సోటే మీదపడి లాక్కోవాల. పడుకునే జట్టు ఏటి లాక్కుంటాది? ఈ ఒక్క ఆటకీ నేనే కోచ్‌గా నిలబడతాను."

గంటసేపు వాదించి వరహాలరావే గెలిచాడు. జెర్సీలిచ్చిన మనిషితో ఎంతసేపని వాదిస్తారు? బుధు ఈల తీసి ఆయన చేతిలో పెట్టి, "కాసేపు పడుకోనివ్వండి, సావుకారు" అన్నాడు. వరహాలరావు వినిపించుకోలేదు.

ఫైనలు రోజు ఆటకు ముందు కుర్రాళ్లను నలభై నిమిషాలు పరిగెత్తించాడు. మొదటి పావుగంట జట్టు పులిలా ఆడింది. ఆ తర్వాత ఒక్కొక్కరే పిక్కలు పట్టేసి కూలబడ్డారు. ఐదు గోల్స్ పడ్డాయి. కెప్టెన్ ఫల్గుణ లేవలేకపోతే వరహాలరావే నీళ్లసీసా పట్టుకుని పరిగెత్తాడు. జెర్సీ మెడ పక్కకు జారి ఉంది. భుజం మీద కావడి బద్ద ఒత్తిన చోట చర్మం ఎర్రగా కమిలిపోయింది.

పొద్దున ఆ కావడి దించింది వరహాలరావే. ముప్పై రెండు కిలోల పసుపు, పదకొండు కిలోమీటర్ల కొండదారి. జట్టులో సగంమంది అలాగే మోసుకొచ్చారు. వాళ్ల బరువులు ఈ ఊళ్లో తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మైదానం అంచున నిలబడ్డ జనం వైపు చూడలేకపోయాడు.

ఆట అయ్యాక బుధు దగ్గరకు వెళ్లి ఈల తిరిగి ఇచ్చాడు.

"ఎందుకు పడుకోబెడతన్నావో నాకు ఇడమరిసి సెప్పొచ్చు కదా, బుధూ."

బుధు ఆయన్ను ఆశ్చర్యంగా చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు.

"మీకు తెలుసు కదా, సావుకారు. తెలిసే పరిగెట్టించేరనుకున్నాం."