నూగు లేని బట్ట

తడి గుడ్డ పరిచి మా ఆయన కోటు ఇస్త్రీ చేస్తుంటే, ఆవిరితో పాటు ఉన్ని వాసన గుప్పుమంది. ఎంత ఖరీదైన కోటైనా తడిస్తే గొర్రె వాసనే. నవ్వబోయి, మణెమ్మక్క గుర్తొచ్చి ఆగిపోయాను.

మేడ్చల్ దగ్గరి ఉన్ని మిల్లులో నాకు పని నేర్పింది ఆవిడే. మగ్గం మీంచి దిగిన బట్టలో తెగిన పోగుల్ని వెతికి సూదితో కలపడం మా పని. నేను రావల్‌కోల్ నుంచి బస్సులో వచ్చిన మొదటి రోజే, నా చేతిలో రెండు గుడ్డముక్కలు పెట్టి కళ్లు మూసుకోమంది. ఒకటి నూగుగా, వెచ్చగా ఉంది. రెండోది నున్నగా, చల్లగా జారింది.

"మొదటిది రగ్గు ఉన్ని. పొట్టి పోగులు, పొడుగు పోగులు అన్నీ కలిపి వడుకుతరు. నూగు లేస్తది, తప్పు జేసినా కప్పేస్తది. గీ రెండోది వర్‌స్టెడ్. పొట్టివన్నీ దువ్వి తీసేసి, పొడుగువే వరుసగ పేర్చి వడుకుతరు. దీంట్ల ఒక్క పోగు తప్పినా ఊరంతటికీ కనబడ్తది. మస్తు పొగరు దీనికి," అంది. పొగరు ఆవిడకూ తక్కువేం కాదు. వర్‌స్టెడ్ బల్ల దగ్గర ఆవిడ కుర్చీలో ఇంకొకరు కూర్చునే ధైర్యం చేసేవారు కాదు.

కొన్నేళ్లకు ఆవిడ చూసిన బట్టల్లో తప్పులు మిగలసాగాయి. కళ్లు మసకబారాయంటే ఒప్పుకోదు. నేనే గుట్టుగా సరిచేసేదాన్ని. ఒకరోజు నా కంటికీ చిక్కని తప్పున్న బట్ట తానును సూపర్‌వైజరు దీపం ముందు పట్టుకొని, "గిది నువ్వు చూసినవా, ఆమె చూసిందా?" అని గద్దించాడు. ఆవిడ పక్కనే ఉంది. నేనే అంటే ఆవిడ కుర్చీ మిగిలేది. నా ఉద్యోగం పోతుందని భయపడి, "మణెమ్మక్క" అన్నాను.

మర్నాడే ఆవిడను రగ్గుల వైపు పంపి, కుర్చీ నాకిచ్చారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కూర్చున్నాను.

నెల తర్వాత చూడటానికి వెళ్లాను. ఎవరూ అడగని పోగుల్ని కూడా వేళ్లతో తడిమి కలుపుతోంది.

"నూగుల కనబడదు గదక్కా, ఎందుకింత కష్టం?"

"నాకెరుకైతది గద బిడ్డా. జర జూడు, ఇంకేమన్న తప్పున్నదా?"

ఉంది. నడిమధ్యలోనే ఉంది.

"లేదక్కా, మంచిగున్నది."

ఆవిడ వేలు మెల్లగా జరిగి, సరిగ్గా అక్కడే ఆగింది.

"ఆనాడే నయం," అంది. "నిజం జెప్పినవ్."

సూది కూడా నాకివ్వలేదు. తనే కలుపుకుంది.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. నా దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలు "మంచిగున్నదా అక్కా" అని అడిగితే, ఉన్న తప్పు ఉన్నట్టే చెప్తాను. చెప్పాక వాళ్ల ముఖంలోకి చూడటమే నాకింకా చేతకావడం లేదు.