బాపట్లలో నా పరీక్ష పాఠం

బి.ఎడ్. చదువంతా ఒకెత్తు, చివర్లో పరీక్షకుడి ముందు పిల్లలకు పాఠం చెప్పి చూపించడం ఒకెత్తు. ఎనభైల్లో మొదటిసారి నేను ఆ పాఠంలోనే తప్పాను. రెండోసారీ తప్పితే, రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు నాకోసం అట్టేపెట్టిన ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. తెనాలిలో మా ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనేవారు కాదు. అనకపోవడమే నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది.

రోజూ పొద్దున్నే పాసింజరెక్కి బాపట్ల వెళ్ళేదాన్ని. అక్కడొక హైస్కూల్లో ఆరో తరగతి నాకిచ్చారు. ఏబీసీడీలు అప్పుడప్పుడే ఒంటబడుతున్న పిల్లలు. మాకు నేర్పిన పద్ధతి డ్రిల్లు. నేను పెన్ను ఎత్తి చూపిస్తే "దిస్ ఈజ్ ఎ పెన్" అని ముందు క్లాసంతా అనాలి, తర్వాత బెంచీ బెంచీ అనాలి, ఆ తర్వాత ఒక్కొక్కరు. పుస్తకం ఎత్తితే పుస్తకం, చేతిగంట ఎత్తితే గంట. ఎక్కడా ఆగకూడదు.

పరీక్ష పాఠాన్ని ముందురోజు అదే పిల్లల చేత ఒకసారి ఆడించి చూసుకోవడం మా ట్రైనింగు వాళ్ళందరికీ అలవాటే. తప్పని అందరికీ తెలుసు, మానినవాళ్ళు మాత్రం లేరు. నేనైతే మూడుసార్లు చేయించాను. చురుకైనవాళ్ళను ముందు బెంచీల్లో సర్దాను. చివరి బెంచీలో ఒకమ్మాయి నా ప్రాణం తీసింది. చీరాల వైపు నుంచి వచ్చిన నేతపనివాళ్ళ పిల్ల. ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టిపెట్టి రోజూ ఆలస్యంగా వచ్చేది. గంట ఎత్తితే పెన్ను అనేది, పెన్ను ఎత్తితే నోరెళ్ళబెట్టేది. మూడోసారీ తడబడేసరికి నాకు ఒళ్ళు మండింది.

"రేపు నువ్వు నోరు తెరవకు. సార్ అడిగినా సరే. నీవల్ల నా పరీక్ష పోతుంది, తెలిసిందా?"

"సరేనండి," అంది.

మర్నాడు పరీక్షకుడు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. పిల్లలకు వరస ఎంతగా అలవాటైందంటే, నేను సంచిలోంచి పుస్తకం తీయకముందే ముందు బెంచీ "దిస్ ఈజ్ ఎ బుక్" అని అరిచింది. వెనక కాగితం మీద రాస్తున్న చప్పుడు ఆగిపోయింది.

ఆయన లేచొచ్చి, బల్లమీది గంట తీసుకుని, తిన్నగా చివరి బెంచీకి వెళ్ళారు. పక్కపక్కనున్న ఇద్దర్ని అడిగారు. ఇద్దరూ చెప్పారు. మూడోది ఆ పిల్ల.

లేచి నిలబడి పెదాలు బిగించింది. ఆయన గంట మోగించి, "ఇదేంటమ్మా, చెప్పు" అని తెలుగులోనే అడిగారు. ఆ పిల్ల ఆయన్ని చూడలేదు, నన్నే చూసింది. కళ్ళనిండా నీళ్ళు. నేను "చెప్పమ్మా" అంటే చాలు. కానీ తప్పు చెబితే?

"ఆ అమ్మాయికి ఏమీ రాదండి. కొత్తగా చేరింది," అన్నాను.

ఆయన తలూపి, కాగితం మీద ఏదో రాసుకుని హెడ్మాస్టరు గదికి వెళ్ళిపోయారు. పిరియడ్ అయ్యాక ఆ పిల్ల బల్ల దగ్గరికొచ్చింది.

"నాకొచ్చు టీచర్. నిన్న ఇంటికెళ్ళి కండెలు చుడతా అన్నీ నేర్చుకున్నానండి. మీరొద్దన్నారని ఊరుకున్నా."

పెన్ను, పుస్తకం, గంట, ఒక్కొక్కటే ఎత్తి పట్టుకుని, ఒక్కటీ తప్పకుండా చెప్పింది. చెప్పి, "నాకొచ్చని సార్‌తో చెప్పండి టీచర్. మా బెంచీలో నేనొక్కదాన్నే చెప్పలేదు," అంది.

ఆయన ఇంకా హెడ్మాస్టరు గదిలోనే టీ తాగుతున్నారు. వరండాలోకి కనిపిస్తున్నారు కూడా. "చెప్తానమ్మా," అన్నాను. ఆ మాట చెప్పాలంటే ముందురోజు మూడుసార్లు ఆడించిన సంగతీ, నేనే దాని నోరు నొక్కిన సంగతీ అన్నీ చెప్పాలి. సామానంతా సంచిలో వేసుకుని, ఆ గది ముందు నుంచే తల దించుకుని నడిచి స్టేషనుకు వెళ్ళిపోయాను.

పాసయ్యాను. రేపల్లెలో చేరి, తొంభైల దాకా అక్కడే పిల్లల చేత డ్రిల్లులు చేయించాను. సార్‌తో చెప్పారా అని అడగడానికి ఆ పిల్లకి నేను మళ్ళీ కనిపించలేదు.