శెట్టి కారుకు నీళ్ళు తాపిన రోజు

ఆ రోజుల్లో మా ఉరవకొండ పక్క వాన మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఇంట్లో ఈమధ్యే పోయినవాళ్ళ పేరు ఎత్తకుండా జాగ్రత్త పడతారే, అట్లా. వరసగా మూడో ఏడు కూడా శెనక్కాయ విత్తనం భూమిలోనే మాడిపోయింది. సగం ఊరు బెంగుళూరుకు పోయి ఇటుకలు మోస్తోంది. మిగిలిన సగం ఎండిన చీనీ చెట్లు, అంటే బత్తాయి చెట్లు, కొట్టి కట్టెల మండీకి తోలుతోంది. అట్లాంటి కాలంలో, ఇరవై ఆరేళ్ళ వయసులో, బుద్ధి ఉన్నవాడెవడూ చేయని ఆలోచన ఒకటి నేను చేశాను. నడవని ఒక పాత కారును కొని, బాగు చేయించి, దాంట్లో తిరగాలనుకున్నాను. (నవ్వేవాళ్ళు నవ్వండి. అప్పట్లో నవ్వినవాళ్ళ పేర్లన్నీ నాకింకా గుర్తున్నాయి.)

ఊర్లో నన్ను 'అర్జీ' అనేవాళ్ళు. చెయ్యెత్తినా బస్సు ఆపని కండక్టరు మీద, తూకంలో చెయ్యి పెట్టే చౌకదుకాణం మీద, నన్ను చూసినప్పుడల్లా అదోరకంగా దగ్గే పోస్టుమాను మీద, అందరి మీదా పైకి రాసేవాణ్ణి. కుందుర్పి దగ్గర ఒక బడిలో అయ్యవారిగా చేరాక రాత ఇంకా ఎక్కువైంది. (బడి కాయితాలు వాడుకుంటున్నానని ఒకాయన అన్నాడు. కాయితం, ఇంకు, తపాలా బిళ్ళ, అన్నీ నా జీతంలోంచే. ఆయన కొడుకు పెళ్ళికి నేను పోలేదు.) అయితే నా అర్జీలన్నిటికీ పెద్దన్న లాంటిది ఒకటి ఉండేది. దాన్ని ఎవరికి పెట్టుకోవాలో తెలియక పదిహేడేళ్ళు కడుపులోనే మోశాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్నాయన పెండ్లి జరిగింది. మెరవణికి ఉరవకొండలో శెనక్కాయల మిల్లు నడిపే శెట్టి కారు తెచ్చారు. గుండ్రటి మూతి, కప్ప కళ్ళు, మీగడ రంగు. దాని అసలు పేరేమిటో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, శెట్టి కారంటే చాలు. పెండ్లికొడుకు పక్కన నేను కూర్చోవాలని ముందే మాటైంది. కొత్త చొక్కా వేసుకొని ఎక్కి కూర్చున్నాను. శెట్టి వచ్చి తలుపు తీసి, నా ముఖం కూడా చూడకుండా కాళ్ళు చూసి, "మన్నుండాది. దిగప్పా" అన్నాడు. మా పక్క మన్ను లేని కాళ్ళు పాడె మీద పడుకున్నవాళ్ళకు కూడా ఉండవు. దిగాను. మెరవణి పొడుగునా ఆ కారు వెనకే, దాని పొగ మింగుతూ నడిచాను.

ఇప్పుడు ఆ మిల్లు మూతపడింది. కాయ లేనిది మిల్లేం తిరుగుతుంది? శెట్టి యంత్రాలు అమ్మేశాడనీ, ఇక కారు ఒక్కటే మిగిలిందనీ మా మామ చెప్పాడు. అమ్మ తమ్ముడు ఈయన, ఎద్దుల బేరగాడు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడేళ్ళ జీతంలో నేను మిగిలించుకున్నది ఒక బోరుకు సరిపోతుంది, లేదా ఒక పాత కారుకు. రెండింటికీ చాలదు. మా తోటలో ఎనభై చీనీ చెట్లున్నాయి. ఉన్న రెండు బోర్లూ ఎండి, ఆకు చుట్టుకుపోతోంది. టెంకాయ అరచేతిలో పెట్టుకొని నీళ్ళు చూసే ఆయన వచ్చి, మూలలో ఒకచోట రాయి పాతి పోయాడు. నాయన రోజూ పొద్దున పోయి ఆ రాయిని చూసి వచ్చేవాడు. నన్ను మాత్రం ఒక్క పైసా అడగలేదు.

నేనే చెప్పాను. "బోరు దుడ్లు కంటికి కనపడకుండా భూమిలోకి పోతాయి నాయనా. కారు బాగు చేయించి పెండ్లిండ్లకు బాడిగకు ఇస్తే నెలకింత వస్తాది." నాయన "చూసేకి నేనూ వస్తా" అన్నాడు.

అట్లా ముగ్గురం పోయాం. కార్లు చూసే మేస్త్రీని పిలవాలని నాకు తోచలేదు. మా ఇంట్లో ఏది కొన్నా మామ చూడాల్సిందే. ఎద్దైనా, కుట్టు మిషనైనా, పిల్ల సంబంధమైనా ఆయనకు ఒకటే. మిల్లు షెడ్డులో ఖాళీ గోతాల కింద కారుంది. గోతాలు లాగేసరికి దుమ్ము లేచి ముగ్గురం తుమ్మాం. మీగడ రంగు యాడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మామ పంచె ఎగ్గట్టి కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వెనక నిలబడి నడుము చూశాడు. టైర్లను గిట్టల మాదిరి తట్టాడు. ముందు రేకెత్తి లోపలికి తొంగిచూసి, "అల్లుడూ, వయసు పండ్లల్లో తెలుస్తాది. దీనికి పండ్లు యాడుండాయి?" అన్నాడు.

"గేర్లల్లో ఉంటాయి మామా, కనపడవు."

"పండ్లు కనపడని సొత్తు కొంటాండావు." మామ రేకు మూసి శెట్టి వైపు తిరిగాడు. "నీళ్ళు తాపి చూడల్ల శెట్టీ. తాగే తీరులోనే సొత్తు బండారం తెలుస్తాది."

శెట్టి అప్పటికే బాగా వంగిపోయాడు. లోపలికి పోయి రెండు బిందెల నీళ్ళు తెచ్చాడు, ఒకదాని వెనక ఒకటి, చుక్క తొణక్కుండా. నీళ్ళ ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చే వీధి అది. ఆయన కోడలు గడపలో నిలబడి మమ్మల్ని చూసిన చూపు నేను మరిచిపోలేదు. (ఈసారి తప్పు మాదేనని ఒప్పుకుంటాను.) మామ మళ్ళీ రేకు ఎత్తి, రేడియేటరులోకి ఒక బిందె వంచాడు. కారు గడగడా తాగింది. "ఆకలి మీదుండాది, మంచి గుర్తు" అన్నాడు మామ. రెండో బిందె కూడా తాగింది. ఇంతలో కింద చప్పుడు. చూస్తే తాగిందంతా ఒక్క ధారగా నేల మీదికి వదిలేస్తోంది.

ఎద్దయితే మామ ఏదో ఒక అర్థం చెప్పేవాడే. నేను శెట్టిని చూస్తున్నాను, శెట్టి నేలను చూస్తున్నాడు. నాయన ఒక్కడే కదిలాడు. మూలనున్న చక్రం మూత ఒకటి తీసుకొని, కారు కిందికి పాక్కుంటూ పోయి ధార కింద పట్టాడు. నిండితే బిందెలో పోసి, మళ్ళీ పట్టాడు. తుప్పుతో ఎర్రగా వస్తున్నాయి. "ఏం చేస్తావన్నా ఆ నీళ్ళను?" అన్నాడు శెట్టి. "బర్రెగొడ్డు తాగుతాది" అన్నాడు నాయన, కారు కిందనుంచే.

ఆ సమయంలో నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. తండ్రి కారు కింద నీళ్ళు పట్టుకుంటుంటే, నేను శెట్టిని నిలదీశాను. "మా చిన్నాయన పెండ్లిలో నన్ను ఈ కారులోంచి దింపినావు. గుర్తుండాదా?"

"ఏ ఊరప్పా?" ఊరి పేరు చెప్పాను. "కారు పోయింది గుర్తే. నిన్ను దింపింది గుర్తు లేదు."

"కాళ్ళకు మన్నుండాదన్నావు."

"అనింటా." ఆయనేమీ నొచ్చుకోలేదు. "మా ఇంటామెను గూడా అట్లే దింపినా. గుడికి పోతా ఎక్కింది, కాళ్ళు చూసి దింపినా. మల్ల కన్ను మూసేదాకా ఎక్కలేదు. ఎంత బతిమాలినా ఎక్కలేదు. ఆమె గూడా నీ మాదిరే." భుజం మీది తువ్వాలు తీసి సీటు దులిపాడు. "కూర్చో ఇప్పుడు."

కూర్చున్నాను. సీటు లోపలికి దిగిపోయింది, ఎక్కడో స్ప్రింగు గుచ్చింది, తొడల కింద ఎలుకలు దాచుకున్న శెనక్కాయలు పటపటా పగిలాయి. పదిహేడేళ్ళు ఎదురుచూసిన కుర్చీ అది. నా కంటే పెద్ద దావా ఉన్న మనిషి ఒకామె ఆ సీటులో కూర్చోకుండానే పోయిందని తెలిశాక, నా దావా నాకే చిన్నదిగా కనపడింది. అందుకు కూడా నాకు శెట్టి మీదే కోపం వచ్చింది.

ఆ కోపంలోనే "బేరం చెయ్యి మామా" అన్నాను. మామ, శెట్టి ఎద్దుల సంతలో మాదిరి తువ్వాలు కింద చేతులు దూర్చి వేళ్ళు నొక్కుకున్నారు. దుడ్లు నావి, కొనేది నేను, ధర మాత్రం వాళ్ళిద్దరి వేళ్ళకే తెలుసు. "మొదుల బయానా ఇయ్యి, మిగతాది ఇంట్లో చెప్తా" అన్నాడు మామ. జేబులో చెయ్యి పెట్టాను. అప్పుడు నాయన కారు కిందనుంచి బయటికి వచ్చాడు. చొక్కా అంతా ఎర్ర నీళ్ళు.

"ఇయ్యప్పా, ఆలోచన చెయ్యొద్దు" అన్నాడు. "బేస్తవారం కట్టెల మండీ వాళ్ళు వస్తాండారు. చెట్లు కొట్టిస్తా. బోరు మాట మరిచిపో."

"ఎవరినడిగి రమ్మన్నావు?"

"ఎవరినడగల్ల? నీ దుడ్లు నీవి. నా చెట్లు నావి."

బడికి పోయే వయసులో ఆ మొక్కలకు కడవలతో నీళ్ళు మోసింది నేను. ఒక్కో చెట్టు దగ్గర ఎన్నిసార్లు జారి పడ్డానో చెప్పగలను. అట్లాంటిది, నన్నొక మాట అడగకుండా మండీకి కబురు పంపుతాడా? నాకోసమే పంపాడని, నా దుడ్లు నాకు మిగలాలని పంపాడని ఆ క్షణంలో తట్టలేదు. అడగలేదన్నదొక్కటే తట్టింది. జేబులోంచి చెయ్యి తీసి, "కారొద్దు, గీరొద్దు" అని బయటికి నడిచాను. వెనక శెట్టి, "ఏమప్పా, నా రెండు బిందెల నీళ్ళు?" అంటున్నాడు. "నీ కారే గదా తాగింది, దాన్నే అడుగు" అంటున్నాడు మామ. చెడిన బేరానికి మామ నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. (నేను ఏడు నెలలు మాట్లాడలేదు.) ధర ఎంతో ఇప్పటికీ చెప్పలేదు.

నేరుగా పోయి బోరు లారీ వాళ్ళకు దుడ్లు కట్టేశాను. నాయననూ అడగలేదు, కావాలనే. నా జీవితంలో చేసిన ఒక్క మంచి పని కూడా కోపంతోనే చేశానన్నమాట. రాయి పాతిన చోట ఒకటిన్నర ఇంచు నీళ్ళు పడ్డాయి. ఊరంతా వచ్చి చూసింది. నాయన దోసిట్లో పట్టి తాగి, "ఉప్పగుండాయి" అన్నాడు. అంతే. చెట్లు మాత్రం ఆ ఉప్పు నీళ్ళే తాగి ఆరేళ్ళు కాశాయి.

ఆరో ఎండాకాలం బోరు గాలి కక్కింది. ఒకరోజు మధ్యాహ్నం నాయన బస్సెక్కి కుందుర్పి దాకా వచ్చి, అక్కడినుంచి నడిచి మా బడి వాకిట్లో నిలబడ్డాడు. పిల్లలకు లెక్క ఇచ్చి బయటికి వచ్చాను. "కట్టెల మండీ వాళ్ళకు ఇంకా చెప్పలేదు. కొట్టించమంటావా?" అని అడిగాడు. అడగలేదని బోరే వేయించిన మనిషిని నేను. అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఎన్నడూ అనుకోలేదు. "నీ ఇష్టం నాయనా" అన్నాను.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకొని, "ఆ మాట అప్పుడే అనింటే కారన్నా మిగిలేది గదరా" అన్నాడు.

నాయన నాతో ఆడిన పరాచికం ఆ ఒక్కటే. నవ్వాలో, దాన్ని కూడా మనసులో పెట్టుకోవాలో తేల్చుకోలేక, సుద్దముక్క చేత్తో పట్టుకొని ఎండలో అట్లే నిలబడిపోయిన ఆ అయ్యవారిని తలచుకుంటే, ఇన్నేళ్ళకు నాకు నవ్వొస్తోంది.